ఎల్డర్ తల్లి ఇచ్చిన కొమ్మ

అసుర సంధ్య...

సముద్రం మీద కారుమేఘాలు కాటుక కొండల్లా పేరుకున్నాయి. ఫ్యూన్ దీవిలోని ఆ పల్లె మీద ఉరుము భీకరంగా దొర్లింది. చర్చి గోపురంలోంచి గుడ్లగూబ ఒకటి, ఎవరినో పేరుపెట్టి పిలుస్తున్నట్టు, కర్కశంగా అరిచింది!

ముసలి సిడ్సెల్ ఇంట్లో పొయ్యి మీద ఎల్డర్ పళ్ళ రసం మరుగుతోంది. పచ్చిగా తింటే కడుపులో చిచ్చు పెట్టే ఆ నల్లని పళ్ళు మరిగితే మందవుతాయి. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా సిడ్సెల్ పెరటి ఎల్డర్ చెట్టే దిక్కు. ఆ చెట్టు వల్లే మాంత్రికుడు థోగర్ గుమ్మం తొక్కేవాళ్ళు కరువయ్యారు.

అతడు పగబట్టాడు...

మూడు రోజుల క్రితం సిడ్సెల్ ఇంటి కంచె గుంజ మీద గుర్రపు పుర్రె ఒకటి కనిపించింది. దాని కనుగుంటల నిండా మెట్టె అనే ఆమె కోడలి తలవెంట్రుకలు! ఆ పూటే మెట్టె మంచాన పడింది. కొడుకు పాలె చేపల పడవ మీద దూరాన ఉన్నాడు.

ఈ ఉదయం థోగర్ కంచె దగ్గర నిలబడి నవ్వాడు. "ఆ చెట్టు నీ చేత్తో నరికెయ్యవే ముసలీ. నీ కోడల్ని వదిలేస్తా."

"ఆ చెట్టులో ఓ తల్లి కాపురముంది. ఆవిణ్ణి అడక్కుండా ఆకు కూడా తెంపను."

"అయితే చీకటి పడేలోపు గొడ్డలి పట్టుకుని నేనే వస్తా. ఈలోగా నీ కోడలు ఉంటుందో పోతుందో."

ఇప్పుడు మంచం మీద మెట్టె దేహం విల్లులా వంగుతోంది. ఆ లేత గొంతులోంచి మగగొంతు బొంగురుగా పలికింది. "ఈ పిల్ల నాది... తెల్లారేసరికి ఎముకలే నీవి..."

సిడ్సెల్ పెరట్లోకి నడిచింది. తలగుడ్డ తీసేసి చెట్టు ముందు మోకరిల్లింది. "తల్లీ, ఒక్క కొమ్మ ఇయ్యి. నా పిల్ల పోతోంది." మూడుసార్లు అడిగింది. గాలి లేదు... అయినా ఒక కొమ్మ మెల్లగా ఆమె చేతిదాకా వంగింది!

ఆ కొమ్మను తుంచి, దాంతో మెట్టెను తల నుంచి పాదాల దాకా నిమిరి, చెట్టు మొదట్లో మట్టిలో గుచ్చాలి. పట్టిన పీడ కొమ్మలోకి దిగుతుంది. కానీ అది పూర్తిగా వదిలేదాకా నిమిరినవాళ్ళ నోట మాట రాకూడదు. వస్తే ఇద్దరూ దక్కరు. ఆ కొమ్మను ఎవరు పెరికితే పీడ వాళ్ళది. అమ్మమ్మ చెప్పిన విధి అంతే.

నిమిరింది. గుచ్చింది. పెదవులు బిగించింది.

గొడ్డలి భుజాన వేసుకుని థోగర్ పెరట్లో అడుగుపెట్టాడు. "ఏమే, నాలుక పడిపోయిందా? ప్రాధేయపడు, వింటా."

లోపల్నుంచి మెట్టె సొంత గొంతు సన్నగా వినిపించింది. "అత్తమ్మా... చీకటిగా ఉంది... ఒక్కసారి పలకవూ..."

సిడ్సెల్ గుండె చీలిపోయింది. పెదవి కొరుక్కుంది. నెత్తురు ఉప్పగా నాలుకకు తగిలింది. పలకలేదు.

థోగర్ చూపు మట్టిలోని కొమ్మ మీద పడింది. చేయి చాచాడు. పగవాడైనా మనిషే... సిడ్సెల్ వద్దన్నట్టు రెండు చేతులూ ఊపింది, అడ్డం నిలబడింది. అతడు ఆమెను పక్కకు తోసేశాడు.

"ఈ పుల్లతోనా నన్నాపేది?"

పెరికాడు...

ఆకాశం ఫెళ్ళున చీలింది! థోగర్ నోరు తెరిచాడు. వచ్చింది మాట కాదు, గుర్రపు సకిలింపు! గొడ్డలి జారిపోయింది. ఆ మెరుపు వెలుగులో చెట్టు వెనక నుంచి బూడిదరంగు ముసుగు వేసుకున్న ముదుసలి రూపం ఒకటి నిదానంగా లేచింది. చెట్టు వేళ్ళు సర్పాల్లా అతడి చీలమండలను చుట్టుకున్నాయి. మట్టి మెత్తగా నోరు విప్పింది. మోకాళ్ళు... నడుము... భుజాలు... చివరికి వేళ్ళు కొంకర్లు పోయిన ఒక చేయి...

నేల మూసుకుంది. వాన మొదలైంది.

సిడ్సెల్ తూలుతూ లోపలికి పరుగెత్తింది. మెట్టె లేచి కూర్చుని ఉంది, వాడిపోయిన మొహంతో, తన కళ్ళతోనే.

"ఆకలేస్తోంది అత్తమ్మా."

సిడ్సెల్ వేడి రసంలో ఆపిల్ ముక్కలు వేసి గిన్నె చేతికిచ్చింది. రెండు గుటకలు తాగి మెట్టె చెవి రిక్కించింది. "చెట్టు కింద ఎవరో తడుతున్నట్టుంది. వినపడ్డంలేదూ?"

సిడ్సెల్ వెళ్ళి పెరటి తలుపు గడియ పెట్టింది.

"గాలేనమ్మా. తాగు."