ప్రివ్యూలో చెప్పకూడని మాట

ఫిల్మ్ నగర్‌లో ఎవరికెవరు పడకపోయినా, ప్రివ్యూ అయ్యాక మాత్రం అందరిదీ ఒకటే మాట: "అదిరింది." సినిమా ఎంత ఘోరంగా ఉంటే ఆ మాట అంత గట్టిగా వినిపిస్తుంది. గుమ్మం దగ్గర నిర్మాత చేతులు జోడించి నిలబడతాడు. వచ్చినవాళ్ళు ఆ చేతులు పట్టుకుని ఊపేసి, అబద్ధం చెప్పి, కారెక్కుతారు. మలుపు తిరిగాక నవ్వుకుంటారు.

ఆ సాయంత్రం ఆ వరసలో నిలబడి మంజులత పళ్ళు నూరుకుంటోంది. సినిమాలో హీరో ఆమె క్లాస్‌మేట్ వేంకటరమణ. ఇంటర్ సెకండియర్ చదువుతున్న కుర్రాణ్ణి వాళ్ళ నాన్న వీరరాఘవయ్య సొంత డబ్బుతో హీరోని చేసేశాడు. బొమ్మ విడుదల కాకముందే పోస్టర్ల మీద 'యువ ప్రభంజనం' అని బిరుదు కూడా తగిలించాడు. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ కాకికి జూబిలీ హిల్స్‌లో బంగళా ఉంటే ఊరందరికీ ముద్దే.

రమణ మంచివాడు. ఫిజిక్స్ లెక్కలు ఓపిగ్గా చెబుతాడు, నవ్వితే బాగుంటాడు. తెర మీద మాత్రం తల్లి చచ్చిపోయిన సీన్‌లో పన్ను నొప్పి వచ్చినవాడిలా ఏడ్చాడు. మంజులతకి నవ్వాగక చున్నీ అడ్డం పెట్టుకుని దగ్గింది.

బయల్దేరేముందే అమ్మ శారదాదేవి నోరు కట్టుకుని రమ్మని హెచ్చరించింది. కారణముంది. నాన్న సుబ్రహ్మణ్యం ఇన్నేళ్ళూ, ఈ సినిమాతో సహా, ఫిల్ము ముక్కలు అతికే మూవియోలా ముందు అసిస్టెంటుగానే మగ్గిపోయాడు. వీరరాఘవయ్య తీయబోయే రెండో సినిమాకి ఆయనే ఎడిటర్. మొదటిసారి తెర మీద ఆయన పేరు విడిగా పడుతుంది. ఆ సినిమాకీ రమణే హీరో. శుక్రవారం ముహూర్తం. ఇక అతను కాలేజీ మానేసినట్టే.

మావాడు ఎలా చేశాడమ్మా అని వీరరాఘవయ్య అడిగితే, పాటలు బాగున్నాయండీ అంది మంజులత, కర్ర విరక్కుండా పాము చావకుండా. పొగడ్త తప్ప మరొకటి వినబడని చెవులవి. ఆయన పొంగిపోయాడు.

నాన్న కోసం బయట మెట్ల దగ్గర ఆగితే రమణ వెనకే వచ్చాడు.

"పాటల సంగతి ఎవరడిగారు? నేనెలా ఉన్నాను?"

"పోస్టర్ మీద బాగున్నావు."

"వేళాకోళం వద్దు మంజూ. అందరూ అదిరిందంటున్నారు గానీ ఒక్కళ్ళూ నా కళ్ళలోకి చూడట్లేదు. నువ్వు చెప్పు."

అద్దె పుస్తకాల షాపు నుంచి ఇద్దరూ తెచ్చుకు చదివే నవలల్లో ఈడొచ్చిన పిల్లలు నిజం వైపు నిలబడి చప్పట్లు కొట్టించుకుంటారు. ఆ నవలల్లో ఎవరి నాన్న ఉద్యోగమూ పోదు. రాసినవాళ్ళకేం, చల్లగా కూర్చుని రాస్తారు. మంజులతకి వాళ్ళ మీద ఒళ్ళు మండింది. అబద్ధం చెబితే నాన్న పేరు తెర మీద పడుతుంది. వీడు మాత్రం చదువు పోగొట్టుకుని ఊరందరిలో నవ్వులపాలవుతాడు.

"నీకు నటన రాదు రమణా," అంది. "నువ్వు ఏడుస్తుంటే నాకు నవ్వొచ్చింది. ప్రేమిస్తున్నానని ఆ హీరోయిన్‌తో చెబుతుంటే జాలేసింది. చదువుకో."

"నీకు ఆ అమ్మాయి మీద కుళ్ళు."

"నీతో డ్యూయెట్ పాడినందుకా? పాపం, ఆవిడ మీద ఇంకా జాలి."

రమణ ముఖం మాడిపోయింది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మంజులత ఏడ్చింది, సినిమాలోకన్నా బాగానే.

ముహూర్తం ముందురోజు సుబ్రహ్మణ్యం ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. సినిమా చేయనని రమణ తండ్రికి తెగేసి చెప్పాడట. ఎవరు నూరిపోశారని ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచినా, నా అంతట నేనే అనుకున్నాను అన్నాడట. అప్పట్నుంచీ ఆయన కొడుకుతో మాట్లాడటం లేదట.

మంజులత ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అదే ఆమెకి మింగుడు పడలేదు. ఆటో ఎక్కి తిన్నగా జూబిలీ హిల్స్ వెళ్ళింది.

"వద్దని చెప్పింది నేనేనండీ. మా నాన్నకి తెలియదు."

వీరరాఘవయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "ఊరంతా అదిరిందన్నారే?"

"ఊరందరికీ మీతో పనుందండీ."

"మీ నాన్నకి లేదా?"

"ఉంది. అందుకే మొన్న పాటలు బాగున్నాయన్నాను."

ఆయన గోడ మీదున్న కొడుకు పోస్టర్ వంక చూశాడు. చివరికి, వెళ్ళమ్మా అన్నాడు. ఆయనేమీ దేవుడు కాదు. తర్వాత ఇంకో కుర్రాణ్ణి, ఇంకో ఎడిటర్ని పెట్టుకుని సినిమా మొదలుపెట్టాడు. కొడుకుని మాత్రం కాలేజీకి పోనిచ్చాడు.

ఇంట్లో జరిగింది చెబితే శారదాదేవి తలపట్టుకుంది. సుబ్రహ్మణ్యం అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "ఆ ఏడుపు సీను ఎడిట్ చేసింది నేనే," అన్నాడు. "ఉన్న టేకుల్లో అదే నయం." తర్వాత నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

రమణ సినిమా వారం తిరక్కుండా థియేటర్లలోంచి ఎగిరిపోయింది. అదిరిందన్నవాళ్ళందరూ, మేం ముందే అనుకున్నాం అన్నారు.

పరీక్షలయ్యాక ఒక సాయంత్రం హఠాత్తుగా వాన పట్టుకుంది. శ్రీనగర్ కాలనీలో మంజులతవాళ్ళ వరండాలోకి రమణ తడుస్తూ వచ్చాడు. ఫిజిక్స్ ఎలా రాశావంది. బాగా రాశానన్నాడు. యువ ప్రభంజనానికి గొడుగు పట్టేవాళ్ళు లేరా పాపం అంది. ఈసారి అతను కూడా నవ్వాడు. నవ్వి, ఆగాడు.

"ఇంకొకటి అడుగుతాను. ఆ రోజులాగే చెప్పాలి. నేనంటే నీకు ఇష్టమేనా?"

మంజులత వాన వంక చూసింది. గోడ వంక చూసింది. మూతి బిగించి, కనుబొమలు పైకెత్తి, ఎంతో తేలిగ్గా, "లేదు," అంది.

రమణ ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు.

"నీకూ నటన రాదు మంజూ," అన్నాడు.