పక్క కొట్టు చక్రవర్తి

సత్యశ్రీ మొదటిసారి నా షాపుకొచ్చేసరికి నా రాజధాని తగలబడుతోంది.

మధ్యాహ్నం రెండున్నరకి నర్సీపట్నంలో ఎవరికీ జెరాక్సులు అవసరం పడవు. ఆ టైములో నేను, అంటే చినబాబు ఆన్‌లైన్ సెంటర్ ప్రొప్రైటరు చినబాబుని, కంప్యూటర్‌లో రాజ్యాల ఆట ఆడుకుంటాను. ఆటలో నాదొక చిన్న రాజ్యం. పక్క రాజ్యాన్ని కంప్యూటరే నడిపిస్తుంది. దాని రాజుకి బారెడు మీసాలు, మూరెడు కోపం. నేనతనికి ఉగ్రసేనుడని పేరు పెట్టాను. ఎన్నిసార్లు మొదలెట్టినా అతగాడు నా మీదకి రాకుండా ఉండడు.

ఆధార్ కార్డు కౌంటరు మీద పెట్టిన అమ్మాయి స్క్రీన్ వైపు తొంగి చూసింది.

"అతని గుమ్మంలోకెళ్ళి ఊరు కట్టారు. రాకేటి సేస్తాడండీ?" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఒక కాపీయా, రెండా అని మాత్రం అడిగాను. రెండు కావాలంది. సైన్యాన్నంతా ఆ మూల దాచుకునే బదులు సరిహద్దులో నలుగుర్ని నిలబెడితే అతను ఆలోచించేవాడని కూడా అంది. కాపీలు తీసేలోగా నా కోట కూలిపోయింది. ఆ పిల్ల పాపం నవ్వలేదు, పెదవి కొరుక్కుంది. అది ఇంకా అన్యాయం.

కార్డు తిరిగిస్తూ తండ్రి పేరు చూశాను. జగదీశ్వరరావు. కాపీల డబ్బులు అడగడం మరిచిపోయాను.

జగదీశ్వరరావు గారిది పక్కనే ఉన్న ఎరువుల కొట్టు. ఈ మూడేళ్ళలో ఆయన బస్తాలు అంగుళం అంగుళం జరిగి నా షాపు ముందు అరుగు సగం ఆక్రమించాయి. వాన పడితే ఆయన టార్పాలిన్ మీది నీళ్ళన్నీ నా గుమ్మంలోనే దిగుతాయి. ఇప్పుడాయన నా గదినే గోడౌనుకి అడిగారు. మా ఇద్దరికీ ఓనరైన మత్స్యరాజు గారికి ఎవరికీ కాదని చెప్పే అలవాటు లేదు. నెలాఖరులోగా మీరిద్దరూ మాట్లాడుకోండి, రావుగారు సరేనంటే నువ్వుంటావు, లేదంటే ఖాళీ చెయ్యి అని తేల్చేశారు. ఖాళీ చేస్తే నాకు మిగిలేది గాజువాకలో మా మేనమామ చూసిన ఉద్యోగం.

సత్యశ్రీ బాపట్లలో అగ్రికల్చర్ చదువు ముగించుకుని ఆ వారమే వచ్చిందట. నాన్న భోజనానికెళ్ళి కునుకు తీసే రెండు గంటలూ కొట్టు ఆమెదే. మర్నాడు వాన పట్టుకుంది. బేరాల్లేక అరుగు మీదకొచ్చి నిలబడి, "ఈ రోజు ఏ ఊరు పోగొట్టుకున్నారు?" అని అడిగింది.

అలా పాఠాలు మొదలయ్యాయి. కానుక పంపితే మొదట్లోనే పంపాలట. కత్తులు దూశాక పంపితే లంచం అనుకుంటాడట. అతని బళ్ళు మన దారిలో తిరగనిస్తే, దోచుకునే దానికన్నా వర్తకమే లాభమని అతనికే తెలుస్తుందట. హాస్టల్లో నాలుగేళ్ళూ ఇదే ఆడానని చెప్పింది. మెనూలో అట్టడుగున వియ్యం అని ఒక బటన్ ఉంది. అదేంటని అడిగాను.

"రాజుల ఇళ్ళ మధ్య పెళ్ళి సంబంధం. అది ఆఖర్న లెండి," అని మౌసు గబుక్కున పైకి జరిపేసింది.

వారం తిరిగేసరికి నాకు విషయం అర్థమైంది. నేను ఎదురుచూస్తున్నది ఉగ్రసేనుడి కోసం కాదు, రెండున్నర కోసం. గది పోతే గాజువాకలో ఇంకో గది దొరుకుతుంది. ఈ రెండున్నర దొరకదు.

అందుకని ధైర్యం చేశాను. కిలో కాజాలు కొని జగదీశ్వరరావు గారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఏటి బాబూ, నెలాఖరొచ్చీసిందనా?"

అని ఆ పొట్లం అలాగే బస్తాలు దించే వాళ్ళకి ఇచ్చేశారు. నేను తల వంచుకుని వచ్చేశాను. ఆ కోపం సత్యశ్రీ మీద చూపించాను. మీ నాన్నగారికన్నా కంప్యూటరే నయమన్నాను.

ఆమె మౌసు నా వైపు జరిపింది. తర్వాత నెమ్మదిగా, "ఆ మీసాల రాజు బొమ్మ మీద ఎప్పుడైనా నొక్కారా?" అంది.

నొక్కాను. ఎందుకు కోపమో వరసగా రాసి ఉంది. సరిహద్దు పక్కన ఊరు కట్టావు. నేను పంపిన దూతకి బదులివ్వలేదు. ఇలా ఆరేడు. పదిసార్లు ఓడిపోయాను గానీ ఒక్కసారీ ఇది తెరిచి చూడలేదు.

"మా నాన్నకీ ఉంటాది ఇలాంటిది. నేను సూసొస్తాను," అని వెళ్ళింది.

రెండు రోజుల తర్వాత చున్నీ చాటున ఒక స్టీలు డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టింది. మూత మీద పుష్పవతి అని చెక్కి ఉంది. వాళ్ళమ్మ పేరు. గుర్తుందా అని అడిగింది.

గుర్తుంది. షాపు తెరిచిన వారంలోనే పక్క కొట్టు నుంచి పనసపొట్టు కూర వచ్చింది ఈ డబ్బాలోనే. వేళ్ళు నాకి మరీ తిన్నాను. మర్నాడు ఆయన ఫోన్లో ఉంటే బల్ల మీద పెట్టి వచ్చేశాను.

"తళతళలాడేలా కడిగిచ్చానండీ," అన్నాను.

"అదే మరి. మూత తీసి సూస్తే ఏటీ లేదు. 'కుర్రోడికి మనతో పన్లేదంట, ఉత్త డబ్బా పంపీసేడు' అన్నారంట అమ్మతో. బస్తాలు ఆ మర్నాడే మీ అరుగెక్కాయి."

మా వైపు ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేస్తారు. ఏళ్ళ తరబడి మెస్సుల్లో తిని నేనది మరిచిపోయాను.

ఆదివారం డబ్బా పట్టుకుని మా ఊరు కృష్ణదేవిపేట వెళ్ళాను. మా అమ్మ లోవమ్మ అంతా విని, ఇంత పెంచి నీకు ఇదే నేర్పానా అని తలంటేసింది. తర్వాత రెండు కొబ్బరికాయలు కొట్టి, లౌజు కలపడానికి గరిటె నా చేతికే ఇచ్చింది.

సోమవారం పొద్దున్నే డబ్బా జగదీశ్వరరావు గారి బల్ల మీద పెట్టాను. ఈసారి ఆయన ఫోను మాట్లాడి పెట్టేదాకా నిలబడ్డాను.

"మూడేళ్ళు ఆలస్యమైందండి. ఆ రోజు కూర చాలా బావుంది. చెప్పడం తెలీలేదు."

ఆయన మూత మీద పేరు చూశారు. తీసి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. ఇంకొకటి వేసుకున్నారు.

"మీ యమ్మ సేసిందా?"

"నేను కలిపానండి."

"అందుకే అడుగంటీసింది," అన్నారు. మూడో ముక్క తీసుకున్నారు.

మర్నాటికి అరుగు ఖాళీ అయింది. నెలాఖరుకి ముందే మత్స్యరాజు గారు వచ్చి, రావుగారు గోడౌను ఇంకోచోట చూసుకున్నారని చెప్పారు. ఆ వారమే డబ్బా నిండా పనసపొట్టు కూర వచ్చింది. నేను ఉత్తది ఇవ్వకూడదు కదా. జీడిపప్పు ఉప్మా చేసి నింపాను. అటునుంచి గారెలు వచ్చాయి. ఆషాఢమంతా ఆ డబ్బాకి విశ్రాంతి లేదు. మోసేది సత్యశ్రీయే.

ఒక వాన మధ్యాహ్నం ఆమె వచ్చి, డబ్బా పెట్టి, స్క్రీన్ చూసి, నా వైపు చూసింది.

"ఉగ్రసేనుడు పదిహేను రోజులుగా మీతో స్నేహంగానే ఉన్నాడు. అయినా రోజూ ఏటి సెయ్యాలని నన్నెందుకు అడుగుతున్నారు?"

"అడగడం మానేస్తే మీరు రావడం మానేస్తారేమోనని."

ఆమె డబ్బా మూత సరిచేసింది. "మానను," అంది ఆమె, చాలా చిన్నగా.

అప్పుడే గొడుగు ముడుస్తూ జగదీశ్వరరావు గారు లోపలికొచ్చారు. లైసెన్సు కాగితం ప్రింటు కావాలట. వచ్చినాయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ మీసాలాయన ఎవరని అడిగారు. పక్క రాజ్యం అని, కోపమెక్కువని చెప్పాను. ఎలా నెమ్మదించాడంటే కానుకలు, దారులు, వర్తకం అన్నీ చూపించాను. ఆయన వేలు అట్టడుగు బటన్ మీద ఆగింది.

"వియ్యమంటే? పిల్లనివ్వడమేనా?"

"అవునండి."

"మరి నొక్కలేదేటి?"

"అవతలి వాళ్ళు ఒప్పుకోవాలి కదండీ."

ఆయన కూతురి వైపు చూశారు. కూతురు డబ్బా మూత మీద వాళ్ళమ్మ పేరునే చదువుతోంది. తండ్రి వైపు తలెత్తలేదు, కాదనీ అనలేదు. ఆయన చాలాసేపు చూసి లేచారు. కూతురు తెచ్చిన బూరెలు నా పళ్ళెంలోకి ఒంపి, డబ్బాకి మూతపెట్టి చంకలో పెట్టుకున్నారు.

"ఆషాఢం ఎల్లేక మీ యమ్మని ఓపాలి రమ్మను, బాబూ."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. కంగారుగా డబ్బా వైపు చెయ్యి చాపాను.

"ఉండండి, అది ఖాళీగా ఉందండి. ఏదో ఒకటి వేసిస్తాను."

"ఏటీ వద్దు," అన్నారాయన గొడుగు విప్పుతూ. "మనోళ్ళ దగ్గర్నుంచి ఉత్త డబ్బా తెచ్చుకుంటే తప్పు లేదు."