గేటు దగ్గరి గొంతు

నౌపడ ఉప్పు మడుల మీదుగా పోయే ఒక దారిలో, రైలు గేటు పక్కన పాడుబడ్డ ఇల్లుంది. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపకూడదంటారు. పూర్వం ఒక ఉప్పు గుమాస్తా రాత్రి రైలుకి వస్తానని చెప్పి రాలేదట. పెళ్లాం ఆ ఇంటి అరుగు మీదే ఎదురుచూసి, ఎదురుచూసి పోయిందట. ఇప్పటికీ దారిన పోయేవాళ్లను అడుగుతుందట — వచ్చీసినాడా... అని.

రైలు గేటుకి ఇవన్నీ పట్టవు. పడాలనుకున్నప్పుడు పడుతుంది.

కోటబొమ్మాళి కుర్రాడు ధర్మేంద్రకి సరిగ్గా ఆ ఇంటి ముందే పడేది. శ్రీకాకుళంలో బ్రోకరు దగ్గర అప్పు చేసి కొన్న పాత సెడాన్ అతనిది. అప్పటికే లక్ష కిలోమీటర్లు తిరిగినా లీటరుకి పద్దెనిమిది ఇచ్చేది. పెళ్లివాళ్లనీ, శ్రీకూర్మం వెళ్లేవాళ్లనీ ఎంత తిప్పినా ఒక్కనాడూ దారిలో నిలబెట్టలేదు. "మా బావ కన్నా నయం. నోరెత్తకుండా పని సేస్తాది" అని మురిసిపోయేవాడు.

ఆ కారే ఓ రాత్రి నోరెత్తింది.

గేటు దగ్గర స్టీరియోలో పాట ఠక్కున ఆగింది. ఆడగొంతు... గుసగుసగా... "వచ్చీసినాడా...?"

భ్రమ అనుకున్నాడు. రెండోసారి వెనక సీట్లో పెళ్లివాళ్లున్నారు. "ఎనకాల ఎవులైనా ఉన్నారా...?" అందా గొంతు. అంతే — పెళ్లికొడుకు మేనమామతో సహా తలుపులు తీసి, వచ్చిన దారినే పరుగు!

కబురు పాకింది. కిరాయిలు పోయాయి. కిరాయి లేకపోతే వాయిదా లేదు, వాయిదా లేకపోతే కారే ఉండదు. లెక్కల్లో చురుకైనవాడికి ఈ లెక్క తేలడానికి ఎంతసేపు? మర్నాడే అయినకాడికి అమ్మేస్తానని బ్రోకరుకి చెప్పేశాడు.

ఆ సాయంత్రం అమ్మకానికని కారు కడిగించుకుని ఒంటరిగా వస్తున్నాడు. గేటు పడింది.

చీకటి. ఉప్పు గాలి. ఏసీ దండగని అద్దాలు దించే ఉన్నాయి. పాట వస్తోంది... వస్తోంది... ఆగింది.

"వచ్చీసినాడా...?"

ధర్మేంద్ర వెనక్కి తిరిగి చూశాడు. సీటు ఖాళీ.

"ఈరోజు ఒక్కడేనా...? అయ్యో పాపం..."

స్టీరింగుకి రెండు చేతులూ జోడించాడు. "తల్లీ, నీ కాళ్లట్టుకుంతాను... నన్నొగ్గీ! రేపే ఈ కారు అమ్మీస్తన్నాను!"

ఆ మాట పూర్తయిందో లేదో —

"ఏటీ!" స్పీకర్లు పగిలేలా కేక. "ఏవయ్యో, ఇన్నావా? మన కారు అమ్మీస్తాడట!"

పాడుబడ్డ ఇంటి అరుగు మీద తెల్లటిదేదో లేచింది. వంగి... తడుముకుంటూ... నేరుగా వచ్చి కిటికీలో తల పెట్టింది.

ధర్మేంద్ర పైప్రాణాలు పైనే పోయాయి.

ఆ తల అతని వైపు చూడనే లేదు. స్పీకరు వైపు బిత్తరపోయి చూసింది. "ఒసే మరిడీ... నువ్వు కారెప్పుడెక్కీసినావే?"

ఆయన నరసింగరావు. ఎండుచేపల వ్యాపారం చేసి మానేసిన పెద్దమనిషి, ఈ కారుకి మొదటి యజమాని. చూపు తగ్గిందని కొడుకులు కారు అమ్మించేశారు. ఓసారి గేటు దగ్గర తన కారు ఆగడం చూశాడు. అప్పట్నుంచీ పొద్దు వాలితే ఆ అరుగు మీదే ఉంటాడు. భార్య మరిడమ్మ అన్నానికి పిలుస్తూ ఫోన్ చేసి, కారు కుర్రాడొచ్చాడా, అందులో ఎవరున్నారని ఆరా తీస్తుంది. పక్కలో మనవరాలు లేస్తుందని గుసగుసగా మాట్లాడుతుంది. పాత యజమాని ఫోను దగ్గరకు రాగానే కారు గుర్తుపట్టి, ఆవిడ మాటల్ని తన స్పీకర్లలోకి లాక్కునేది. కొన్నప్పుడే బ్లూటూత్‌లోంచి పాత పేరు తీసెయ్యాలని ధర్మేంద్రకి తోచలేదు.

"దీనికేటి లోపమొచ్చిందిరా?" బానెట్ నిమిరాడు పెద్దాయన. "పన్నెండేళ్లు... ఒక్కపాలి మొరాయించనేదు."

"కారుకేటీ నేదు తాతా. మామ్మ గొంతుకే కిరాయిలన్నీ పారిపోనాయి!"

గేటు లేచింది. తాతని పక్కన ఎక్కించుకుని, బ్రోకరుకి ఫోన్ చేసి బేరం వద్దన్నాడు. రేపు ముసలాళ్లిద్దరినీ పెళ్లివాళ్ల వీధిలో తిప్పి చూపిస్తే చాలు. దెయ్యాన్ని కళ్లారా చూశాక కిరాయిలు రాక ఎక్కడికి పోతాయి?

తర్వాత స్టీరియో తెర మీది నరసింగరావు పేరు తీసెయ్యబోయి వేలు చాపాడు. తాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"నాయనా," అంది కారు, "ఆయన్ని బెల్టు కట్టుకోమని సెప్పు. నా మాటైతే ఇనడు."

ధర్మేంద్ర వేలు వెనక్కి తీసుకున్నాడు.