గొయ్యి కాళీగా ఒగ్గకూడదు

రాజుదిబ్బ తవ్వొద్దని ముందు నోరెత్తినదాన్ని నానే. కోటబొమ్మాళి అవతల, ఆ దిబ్బకింద పాతకాలపు రాజుని పెట్టినారంటారు. పడుకున్నోడ్ని లేపుతారేటర్రా అని తిట్టినాను. ఎవుడింటాడు? అరవై ఎనిమిదిలో మా పంట ఎండిపోనాది. కూలికోసం నా పెనిమిటి గంగులు మావ గునపం అట్టుకున్నాడు, నాను తట్ట ఎత్తుకున్నాను.

కింద రాతిగది, అందులో రాతితొట్టి బయటపడ్డాయి. తవ్వకాల ఆఫీసరు నరసింగరావు బాబు తొట్టిలోని ఎముకలన్నీ ఏరించి పెట్టెలో సర్దించినాడు.

"బాబూ, మా వల్లకాట్లో తవ్విన గొయ్యి కాళీగా ఒగ్గం," మావ బతిమాలినాడు. "శవం రాకపోతే అరటిబొందైనా పడుకోబెట్టి పూడుస్తాం."

బాబు నవ్వినాడు. "రాజు ఎంత పొడుగో ఫోటోలో తెలియాలి. నువ్వే పడుకోవోయ్ గంగులూ!"

కూలి పోతాదని భయం. మావ తొట్టిలో ఎల్లకిలా పడుకున్నాడు. సరీగ్గా సరిపోనాడు. సిన్నప్పుడు సెరకు గానుగలో సిటికినేలు పోయిన కుడిచెయ్యి గుండెలమీద ఏసుకున్నాడు. "లెగు మావా!" అని లోనికి దిగినాను.

దబ్బున పైమట్టి కూలిపోనాది.

పట్టపగలే కటికసీకటి. తడిమట్టి వాసన... దానికింద మురిగిన నూనె వాసన. కదిలితే గోడ. లెగిస్తే రాయి. ఊపిరాడదు...

"మావా..."

"ఊఁ."

తొట్టి నాకు కుడిపక్కనున్నాది. మాట ఎడంపక్కనించొచ్చినాది.

"ఎక్కడున్నావు?"

"ఇక్కడే గున్నమ్మా... అరవకే."

సల్లటి చెయ్యి తగిలినాది. మణికట్టు ఒడిసిపట్టినాను. సచ్చినా ఒగ్గననుకున్నాను.

పైన పారలు గీరుకున్నాయి. ఎలుగు పడ్డాది. తాడేసి ఇద్దర్నీ లాగినారు. మావ ఒళ్ళంతా మట్టే, కళ్ళు తప్ప ఏటీ కానరాలేదు. బతికున్నాడు, అదే పదేలనుకుని ఏడిసినాను.

"మనుషులు పోతే నా ఉద్యోగం పోతుంది. పూడ్చెయ్యండి!" బాబు కేకేసినాడు.

అందరికంటే ముందు నానే పోసినాను, కసితీరా, తట్టమీద తట్ట. కింద ఏదో గీరినట్టు... రాళ్ళు సర్దుకుంటన్నాయనుకున్నాను.

"అరటిబొంద ఎయ్యరేటి మావా?"

"అక్కర్లేదే," అన్నాడు.

సాయంత్రం మట్టి కడుక్కుని గంజన్నానికి కూకున్నాడు. ముద్ద ఎత్తినాడు. నాను ఆ చెయ్యి సూసినాను.

సిటికినేలున్నాది.

ఓలమ్మో! దిబ్బకాడికి పరిగెత్తినాను. తవ్వండర్రా, నా మావ లోనున్నాడని అందరి కాళ్ళూ అట్టుకున్నాను. "తవ్వొద్దన్నదానివి నువ్వే గదే!" అని కసిరినారు. బాబు పెట్టెతో ఎప్పుడో ఎలిపోనాడు.

నానొక్కదాన్నే గోళ్ళతో గీకుతుంటే ఎనకాల అడుగులు. భుజమ్మీద సల్లటి చెయ్యి పడ్డాది.

"ఇంటికి రాయే గున్నమ్మా... పడుకున్నోడ్ని లేపకూడదు."