ఆదివారాల తోట

"మొక్కని మొక్కలా పెరగనిస్తే మీకేం నష్టమండీ?"

పాతికమంది ఆడపిల్లల ముందు హైమావతి ఆ మాట అడిగింది. తెనాలి ఆడపిల్లల కాలేజీలో ఆమె బోటనీ చెబుతుంది. కాలవ పక్కన కొత్తగా తోట పెట్టారంటే పిల్లల్ని తీసుకొచ్చింది. ఆకుల పేర్లూ పూల పేర్లూ చెబుదామని వస్తే, ఎదురుగా సరుగుడు మొక్కల ఏనుగు, గోరింట నెమలి, కంచెమొక్క పెంచి చేసిన లేడి. ఇనప తీగల చట్రాల్లో పెరిగి, ఒళ్ళంతా ఆకు నింపుకుని నిలబడి ఉన్నాయి.

నిచ్చెనెక్కి నెమలి మెడ కత్తిరిస్తున్న మనిషి దిగకుండానే వెనక్కి తిరిగాడు.

"మీరు జడేసుకున్నారు కదండీ. మీ జుట్టుకేం నష్టమొచ్చింది?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. హైమావతి మొహం ఎర్రబడింది.

"జుట్టు వేరు, మొక్క వేరు."

"రెండూ పెరిగేవేనండి. రెంటికీ చూసుకునే మనిషుండాలి."

అతను మామూలుగానే అన్నాడు. కానీ ఆ మాట ఆమెతో పాటు గదికొచ్చింది.

గంగానమ్మపేటలో మేడమీద ఒంటరి గది ఆమెది. కిరసనాయిలు స్టవ్వు, మడతమంచం, గోడనిండా పుస్తకాలు. ఇరవయ్యారేళ్ళొచ్చాయి. తల్లి పోయి ఆరేళ్ళయింది. తండ్రి వెంకటకృష్ణయ్య రేపల్లెలో పొలం చూసుకుంటూ ఒక్కడే ఉంటాడు. సెలవులకి వెళితే తండ్రీ కూతుళ్ళ మధ్య నడిచే మాటలు రెండే. "అన్నం పెట్టనా?" "పెట్టమ్మా." ఇద్దరికీ ప్రేమ లేక కాదు. మధ్యలో ఉండి ఇద్దరిచేతా మాట్లాడించిన మనిషి వెళ్ళిపోయింది.

కాలేజీలో పాఠం చెప్పేప్పుడు తప్ప ఆమె గొంతు ఆమెకే వినపడేది కాదు. ఆదివారమైతే అదీ లేదు.

తర్వాతి ఆదివారం ఆకులు సేకరించాలని వంక పెట్టుకుని తోటకి వెళ్ళింది. సన్నగా తుంపర పడుతోంది. తోటలో ఎవరూ లేరు, అతను తప్ప.

"పిల్లలు రాలేదేంటండీ?"

"ఆదివారం కదా."

"అయితే మీరెందుకొచ్చారు?"

ఆమె నెమలి వైపు చూసింది. "మీ నెమలికి జడేశారో లేదో చూద్దామని," అంది. అతను నవ్వాడు. గొడుగు తెచ్చిచ్చి, తను తడుస్తూనే పని చేసుకున్నాడు.

పేరు మార్కండేయ. చీరాల దగ్గర మగ్గాలవాళ్ళ ఇల్లు. బాపట్ల వ్యవసాయ కాలేజీ తోటలో కొన్నాళ్ళు పనిచేసి, ఈ విద్య పట్టుకుని తెనాలి వచ్చాడు. తోట మూలనున్న గదే అతని కాపురం.

"మగ్గం ఎందుకొదిలేశారు?"

"చీర అయిపోగానే ఎవరో పట్టుకెళ్ళిపోతారండి. మళ్ళీ కనపడదు. ఇవైతే పొద్దున లేచేసరికి ఇక్కడే ఉంటాయి." కత్తెర ఒక్క క్షణం ఆపాడు. "పలకరిస్తే పలకవనుకోండి."

అలా నాలుగు నెలలు గడిచాయి. హైమావతి సిమెంటు బెంచీ మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దేది. అతను కత్తిరించేవాడు. మొక్కల లాటిన్ పేర్లు చెబితే అతను పలకలేక తంటాలు పడేవాడు. "ఇంత పేరు మోయలేకే ఇది వంగిపోయిందండి," అనేవాడు. ఆమె పకపకా నవ్వేది. సాయంత్రం గదికెళ్ళి తాళం తీస్తుంటే మాత్రం ఆ నవ్వు ఎవరిదో అనిపించేది. మళ్ళీ ఆదివారానికి ఏడు రోజులు.

ఇంతలో తండ్రి నుంచి కార్డొచ్చింది. పొన్నూరు సంబంధం. అబ్బాయి పేరు ప్రకాశరావు, బియ్యం మిల్లుంది, వచ్చే ఆదివారం చూడ్డానికొస్తున్నారు.

లేడి దగ్గరున్న మార్కండేయకి ఆ సంగతి చెప్పింది. ఎందుకు చెబుతోందో తనకే తెలియలేదు.

"వచ్చే ఆదివారం రాను. రేపల్లెలో పెళ్ళిచూపులు."

"మంచిదండి," అన్నాడతను, తల తిప్పకుండా.

కత్తెర చప్పుడైంది. లేడి చెవి ఒకటి మొదలంటా తెగి ఆమె పాదాల దగ్గర పడింది. ఎనిమిది నెలలు పెంచిన చెవి అది. అతను దాన్ని చూశాడు, ఆమెని చూడలేదు. ఆమె పేపర్లు సర్దుకుని వచ్చేసింది.

ప్రకాశరావు మంచివాడు. పేరు పెట్టడానికేం లేదు. కాఫీ అందుకుని, "తెనాల్లో ఒంటరిగా ఉంటారట, ఆదివారాలు ఎలా గడుస్తాయండీ?" అని మర్యాదగా అడిగాడు.

తోటకెళతానంది హైమావతి. అక్కడితో ఆపుదామనుకుంది. ఆగలేదు. చట్రం ఎలా కడతారో, సరుగుడు ఎందుకు నాటతారో, మబ్బు పట్టినప్పుడు కత్తిరిస్తే ఏమవుతుందో చెబుతూనే ఉంది. గ్లాసుల్లో కాఫీ చల్లారిపోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ వెంకటకృష్ణయ్య కూతుర్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

ప్రకాశరావు అంతా విని మెల్లగా నవ్వాడు.

"మీరు చెప్పింది తోట గురించి కాదేమోనండి."

వెళ్ళేటప్పుడు వెంకటకృష్ణయ్యతో, "మీ అమ్మాయి చాలా మంచిదండి. మరో చోట మనసుంది, బలవంతపెట్టకండి," అని చెప్పి బండెక్కాడు.

వెంకటకృష్ణయ్య కాఫీ గ్లాసులు తీసి వంటింట్లో పెట్టొచ్చాడు.

"ఎవరమ్మా అతను?" అన్నాడు తండ్రి.

ఆమె చెప్పింది. తమ కులం కాదని, మగ్గాలవాళ్ళని కూడా చెప్పింది. ఆయన లేచి వెళ్ళి పడుకున్నాడు. హైమావతి వంటింట్లో కూర్చుని, ఈ ఇంట్లో ఇక ఆ రెండు మాటలు కూడా ఉండవేమో అనుకుంది.

మర్నాడు తెల్లారి ఆమె రైలుకి బయల్దేరుతుంటే ఆయన కండువా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నేనూ వస్తున్నా."

రైల్లో దారి పొడుగునా ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు.

తోటకి వెళ్ళేసరికి వాన మొదలైంది. మార్కండేయ వాళ్ళని చూసి గబగబా చేతులు తుడుచుకున్నాడు. వెంకటకృష్ణయ్య ఏనుగు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"మా అమ్మాయి ఇక్కడికొచ్చి ఏంచేస్తుంది బాబూ?"

"పేపర్లు దిద్దుకుంటారండి."

"మాట్లాడుతుందా?"

"మాట్లాడతారండి. చాలా." అతను తలొంచుకున్నాడు. "నిన్న ఆదివారం వారు లేరు కదండీ. తోటకి ఎవరో తాళం వేసుకుపోయినట్టనిపించింది."

హైమావతి గొడుగు కింద నుంచి ముందుకొచ్చింది.

"ఆ రోజు మంచిదండి అన్నారు. నిజంగా మంచిదేనా?"

"కాదండి," అన్నాడు మార్కండేయ. "నాకు అడగాలని ఉంది. అడిగే హక్కు ఉందో లేదో తెలియలేదు."

"అడిగి చూడాల్సింది."

"ఇప్పుడడిగితే?"

ఆమె తండ్రి వైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు. వెంకటకృష్ణయ్య మార్కండేయ దగ్గరికొచ్చాడు.

"ఆరేళ్ళనించీ మా ఇంట్లో మాటలు కరువయ్యాయి. నిన్న నా కూతురు అరగంట ఆపకుండా మాట్లాడింది. కులం సంగతి చుట్టాలకి నేను చెప్పుకుంటాలే." కండువా చివరతో మొహం తుడుచుకున్నాడు. "వచ్చే ఆదివారం తోటకి సెలవు పెట్టి ఇద్దరూ రేపల్లె రండి. నాక్కూడా కాస్త మాట్లాడేవాళ్ళు కావాలి."