దుబాయ్ పన్నెండున్నర

ఉదయం 10.40కి సూర్యాపేట బైపాస్ పక్కన లాడ్జిలో రవీందర్ శవం దొరికింది. అతను నిఘా విభాగం ఏజెంట్. ఫోన్‌లో పంపని మెసేజ్ ఒకటి ఉంది: "రోజా ఫొటో దుబాయ్ పోతోంది."

శవాన్ని చూసిన మరో ఏజెంట్ దానియేలు హైదరాబాద్‌లోని చీఫ్ వందనకు ఫోన్ చేశాడు.

"ఫోన్‌లో పంపితే మనకు చిక్కుతాయని, మన రోజాతో సహా కోదాడ ఆఫీసు వాళ్లందరి ఫొటోలూ కొరియర్ చేతికిచ్చారు. అతను ఎక్కిన ఫ్లైట్ 10.20కి శంషాబాద్ నుంచి లేచింది," అంది వందన. "2,550 కిలోమీటర్లు. మూడు గంటల నలభై నిమిషాలు. మన టైమ్ ప్రకారం రెండు గంటలకు దిగుతుంది. రోజాను గుర్తుపట్టే మనిషి విమానం దగ్గరే ఉంటాడు. చూడగానే కోదాడకు ఫోన్ చేస్తాడు."

"రెయిడ్ చేద్దామా?"

"చేస్తే ముందు ఆమెను చంపుతారు. వాళ్లంతట వాళ్లే బయటికి రావాలి."

కోదాడలో ప్రభాకర్ ఆఫీసు పైకి ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ. లోపల విదేశీ ముఠాకు సైనిక సమాచారం అమ్ముతారు. గేటుకు తాళం, ఇద్దరు తుపాకీ మనుషులు. రోజా అక్కడ ఎనిమిది నెలలుగా అకౌంటెంట్. ఆమె చెవి కమ్మలో మైక్, స్పీకర్ ఉన్నాయి. దానియేలు కారు నడుపుతూ విషయం చెప్పాడు. ఆమె దగ్గింది. విన్నట్టు గుర్తు.

కాసేపటికి ప్రభాకర్ గొంతు వినిపించింది.

"రోజమ్మా, దుబాయ్ ఎంత దూరముంటది?"

"రెండున్నర వేల కిలోమీటర్లు సార్."

"టికెట్ల పది ఇరవైకి ఎక్కుడు, పన్నెండున్నరకు దిగుడు అనుంది. గంతేనా? గంతల మన బస్సు హైదరాబాద్ గూడ చేరదు."

ప్రభాకర్ ముప్పై ఏళ్లు బస్సులు తిప్పినవాడు. బస్సు టికెట్ మీద ఏ ఊరికైనా ఒకటే గడియారం. విమానం టికెట్ మీద దిగే టైమ్ దుబాయ్‌ది. అది మనకన్నా గంటన్నర వెనక.

ఆ తేడా రోజాకు తెలుసు. సరిదిద్దితే అతను రెండింటి దాకా అక్కడే కూర్చుంటాడు.

"విమానాన్ని బస్సుతోటి పోలుస్తరా సార్?"

ప్రభాకర్ నవ్వాడు. "నిజమేలే. ఎర్రబస్సోణ్ణి."

12.30కి ఫోన్ రాలేదు. ఒంటిగంటకూ రాలేదు.

"దొరికిపోయిండు వాడు," అన్నాడు ప్రభాకర్. "ఇగ పోలీసులు గీడికే వస్తరు. బండి తియ్యుండ్రి, మిర్యాలగూడ పోదాం. రోజమ్మా, నువ్ గూడ ఎక్కు. లెక్కలన్నీ నీ నెత్తిలనే ఉన్నయి."

మిర్యాలగూడ రోడ్డు మీద ధాన్యం లారీల తనిఖీ జరుగుతోంది. ఖాకీ చొక్కాలో దానియేలు చెయ్యెత్తి కారు ఆపాడు.

"కార్ల ఏం వడ్లుంటయయ్యా?"

"డిక్కీ జర తెరిపియ్యుండ్రి సార్. ఫొటో పంపకుంటే మా సారు తిడతడు."

తుపాకీ మనుషులు డిక్కీ తెరవడానికి దిగారు. లారీ వెనక నుంచి ఆరుగురు వచ్చి ఇద్దర్నీ పట్టుకున్నారు. ప్రభాకర్‌ను సీట్లోంచి లాగారు. రోజా రెండో తలుపు తీసుకుని దిగింది. రోడ్డు పక్కన కూర్చుంది.

1.57కి ప్రభాకర్ ఫోన్ మోగింది. దానియేలు ఎత్తాడు.

"ఆ అకౌంటెంటే. ఖతం చెయ్యి," అంది అవతలి గొంతు.

"సరే," అని దానియేలు పెట్టేశాడు.

విమానం పన్నెండు నిమిషాలు ముందే దిగిందని వందన ఆ సాయంత్రం ధ్రువీకరించింది.