అర పాయింటు

అడిగింది తనే, నిజమే. కానీ ఆమె కాదనొచ్చుగా? చదరంగంలో డ్రా అడగడం నియమాల్లో ఉన్నదే. పళ్ళు తోముకుంటూ అతను తనతో తాను వాదించుకుని మళ్ళీ గెలిచాడు. గెలిచిన ప్రతిసారీ నోట్లో నురగ చేదుగానే ఉంది.

పెళ్ళయిన కొత్తలో, తన కళ్ళజోళ్ళ షాపులో గిరాకీ లేని మధ్యాహ్నాల్లో, భార్యకి చదరంగం నేర్పింది అతనే. గుర్రం దూకే తీరు చూసి ఆమె పడీపడీ నవ్వింది. ఏళ్ళు గడిచాక ఆమె ఎత్తు ఆలోచిస్తూ కూర్చుంటే అతనికి భయం వేయడం మొదలైంది. నిన్న క్లబ్బు పోటీల ఆఖరి ఆట వాళ్ళిద్దరికే పడింది. గెలిస్తే ఆమెకి ఊరి జట్టులో చోటు. అతనికి గెలిచినా ఒరిగేదేమీ లేదు. డ్రా కావడంతో, అర పాయింటు తేడాతో ఆ చోటు ఆమె చేజారింది.

అతను వచ్చేసరికి భోజనాల బల్ల మీద కూతురు నిన్నటి ఆట ఆగినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే పావులు పేర్చి ఉంచింది.

"ఇది డ్రా ఎలా అవుతుంది నాన్నా? అమ్మ ఏనుగుని ఇక్కడికి జరిపితే నీ రాజుకి పారిపోడానికి సందైనా లేదు. ముందు నువ్వు కళ్ళజోడు మార్చుకో."

"మీ అమ్మే ఒప్పుకుంది. నేనేమన్నా మెడలు వంచానా?"

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"నీకా ఎత్తు కనపడలేదా?" అన్నాడతను, ఆశగా.

"మీకు కనపడింది కదండీ. అందుకేగా అడిగారు."

"మరి కాదనాల్సింది."

"మీ షాపుకొచ్చే వాళ్ళంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఎలా కాదంటాను?"

"అంటే, జాలిపడ్డావా?"

"జాలేం కాదు. అలవాటు." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "పోనీండి, కాఫీ చల్లారిపోతోంది."

అలవాటు. ఎప్పుడో ఆమెకి పొరుగూళ్ళో ఉద్యోగం వచ్చినప్పుడు, వద్దనుకోకూడదా అని గోడకేసి చూస్తూ అడిగాడు. నిన్న గడియారంకేసి చూస్తూ అడిగాడు. రెండుసార్లూ ఆమె సరేనంది.

కాఫీ ముట్టుకోలేదు. ఫలితం కాగితం మీద ఇద్దరి సంతకాలూ పడిపోయాయి, ఇక మారదు. అయినా అతను వేలితో తన రాజుని మెల్లగా పడుకోబెట్టాడు. బల్లకి అవతల వచ్చి నిలబడ్డ ఆమె చేతులకింకా సబ్బు నురగ ఉంది. తలెత్తి, ఆమె కళ్ళలోకి చూస్తూ, ఓడినవాడిలా బల్ల మీదుగా కరచాలనానికి చెయ్యి చాచాడు.